ఫీడ్‌బ్యాక్ ఫారం గారికి, నిన్ను జిరాక్స్ తీసినోడు రాసుకునేది

ఫీడ్‌బ్యాక్ ఫారం గారూ,

బాగుండావా? నన్ను మర్చిపోయుండవులే, నువ్వు ఈ భూమ్మీదికి వచ్చిందే నా మిషన్లోంచి. దర్శి రోడ్డు మీద జిరాక్స్ షాపు, పక్కన టీ బంకు, గుర్తొచ్చిందా. రేపు హెల్త్ క్యాంపు అనంగా రాత్రి తొమ్మిదింటికి ఒక సార్ బండి దిగి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "అర్జెంటు తమ్ముడూ, 300 కాపీలు, పొద్దున ఆరింటికల్లా స్కూలు కాడ ఉండాలి" అన్నాడు, డబ్బులేమో బిల్లు పాసయినాక ఇస్తాడంట, అది ఇంకా పాసవతానే ఉంది, సరే ఆ గొడవ నీతో ఎందుకులే. నీతో ఒక నిజం ఒప్పుకోవాలని రాస్తన్నా, మూడు నెలల నుంచి కడుపులో పెట్టుకోనుండా.

నువ్వు లీగల్ సైజు, అడ్డంగా ఉంటివి. నా కాడ ఆ రాత్రి ఏ4 పేపరు తప్ప ఏం లేదు. నిద్రమత్తులో సెట్టింగు మార్చకుండా బటన్ నొక్కేశా. కుడి పక్కన కొసాన కోసుకుపోయిందని తెల్లారి టెంటు కింద కూర్చుని చూస్తే గానీ తెలవలా. నీ చాలా ప్రశ్నల పక్కన మూడు మొహాలుంటయి కదా, నవ్వే మొహం, మామూలు మొహం, ఏడ్చే మొహం. ఆ ఏడ్చే మొహం పేపరు దాటి అవతల పడిపోయింది. 300 కాపీల్లో ఒక్కదాంట్లో కూడా "బాగాలేదు" అనే గడి లేదు. నేనేదో భయపడి చచ్చా గానీ ఎవరికీ అనుమానమే రాలేదబ్బా. తర్వాత వాట్సాప్ గ్రూపులో ఫోటో చూశా, ఏదో మీటింగులో స్క్రీను మీద "అసంతృప్తి: 0" అని వేసుంది, ముందు వరసలో వాళ్లు చప్పట్లు కొడతన్నారు. ఆ సున్నా నాది. దానికి క్రెడిట్ ఇవ్వకపోయినా పర్లేదు, కనీసం జిరాక్స్ డబ్బులన్నా ఇస్తే బాగుండేది.

షాపు ఎట్టాగూ ఖాళీయే కదా, చేతిరాత కూడా బాగుంటది అని నన్నే అక్కడ కూర్చోబెట్టారు, చదువురానోళ్లకి ఫారాలు నింపి పెట్టమని. నీ నెత్తిన పెద్ద అక్షరాలతో "కార్యక్రమ అనంతర మూల్యాంకన పత్రం" అని ఉందే, అది చదివి మా నాయనమ్మకి వినిపించా. ఆమె ఒక్క క్షణం ఆలోచించి "మూలుగుడా? మూలుగుతానే ఉండాగా, అది కూడా రాసియ్యాల్నా" అంది. నేను నవ్వా గానీ నిజం చెప్పాలంటే నీ పేరుకి అంతకంటే మంచి అర్థం నాకు ఇప్పటికీ దొరకలా.

"కార్యక్రమానికి 1 నుంచి 5 దాకా ఎన్ని మార్కులు వేస్తారు" అని అడిగితే ఆమె బీపీ చూసిన పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల ఎదురుగానే నిలబడి నవ్వతా ఉంది, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది, ఇంకా ఇయ్యలేదు. "ఐదు ఎయ్యరా నాయనా, ఎండనబడి వచ్చారు పాపం" అంది. ఇదమ్మా నీ డేటా. ఇంటికొచ్చినోళ్ల మొహం మీద బాగాలేదని చెప్పే అలవాటు మా పల్లెల్లో ఎవురికీ లేదు, కూరలో ఉప్పెక్కువైనా "బాగుంది వదినా" అని ఇంకో ముద్ద పెట్టించుకుంటాం, అట్టాంటోళ్ల కాడికి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకోనొచ్చి సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే ఏం చెప్తారు చెప్పు.

ఇంక అసలు సంగతికొస్తా. క్యాంపు ఫ్లోరైడ్ మీద, అదే, తాగే నీళ్లలో ఎక్కువుంటే పళ్లనీ ఎముకలనీ కీళ్లనీ పాడుచేసేది. డాక్టరమ్మ మంచిదే, ఆమెని ఒక్క మాట కూడా అనను, మైకులో స్పీచిలు అయ్యేలోపు ఆమె ఒక్కతే పని చేసింది. ముసలోళ్లని నిలబెట్టి మూడు పనులు చేయించింది: గడ్డం ఛాతీకి ఆనించమంది, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోమంది, చేతులెత్తి తల వెనక పెట్టమంది. మా వీధి చివర తాత ఒకాయన ఉండాడు, పొగాకు బ్యారన్ల కాడ జీవితమంతా పనిచేసినోడు. వంగబోయి మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయాడు. మెడ అసలు వంగలా. ఎవరో నవ్వారు, ఆయనే ముందు నవ్వి "చెప్పులు నా మనవడు తొడిగి చాన్నాళ్లయిందమ్మా, మీరు కొత్తగా చెప్పేదేంది" అన్నాడు. ఆయన పళ్లు చూస్తే ఇటుక రంగు. ఆయన ఫారం కూడా నేనే నింపా. అందులో ఆయన మెడ గురించి గడి లేదు. వయసు, ఆధార్ చివరి నాలుగంకెలు, భోజనం ఎట్టా ఉంది, బ్యానర్ కనపడిందా, ఇయ్యి ఉండయి. భోజనం బాగుందన్నాడు, నిజంగానే బాగుంది, పప్పుచారు.

నీలో నాకు బాగా కోపం తెప్పించింది నాలుగో ప్రశ్న. "క్యాంపు తర్వాత మీరు నీళ్లు మరిగించి చల్లార్చి తాగుతారా?" అవును, కాదు. ఇది ఎక్కడో విరేచనాల క్యాంపుకి చేసిన ఫారంలోంచి అట్టనే ఎత్తుకొచ్చి అతికించినట్టుంది. అందరూ అవును అన్నారు. ఇంకేముంది, "అవగాహన పెరిగింది" అని రిపోర్టు. ఒరే నాయనా, మరిగిస్తే పురుగులు చస్తయి, ఫ్లోరైడ్ చస్తదా? నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన గిన్నెలో అది ఇంకా చిక్కబడతది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది, మన దేశంలో అయితే 1 మిల్లీగ్రామే మంచిదని, వేరే దారి లేకపోతేనే 1.5 దాకా అని పెట్టారు. అట్టాంటిది గ్యాసు ఖర్చు పెట్టుకోని మరీ దాన్ని చిక్కబెట్టుకోమని చెప్పి, సరిగ్గా అట్టనే చేస్తామని ఊరంతా ఒప్పుకుంటే నువ్వు దాన్ని ఫుల్ మార్కుల కింద లెక్కేసుకున్నావు. ఆర్వో నీళ్లో, పటికా సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతో, ఏదో ఒకటి అడిగుంటే నీకు గౌరవం ఉండేది.

నువ్వు కొత్తగా పుట్టినోడివి కాబట్టి తెలియకపోవచ్చు, మా పక్క ఈ జబ్బుకి నీకంటే చాలా పాత రిపోర్టు ఉంది. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనేవాళ్లు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బే, ఉందని రాశారు. ప్రకాశం జిల్లా అనేది 1970లో గానీ పుట్టలేదు కదా, అప్పుడు మా దర్శి, పొదిలి అంతా నెల్లూరే. ఇంకా సొగసైన సంగతేందంటే వాళ్లకంటే ముందు కనిపెట్టింది రైతులంట, అదీ ఎద్దుల్ని చూసి. అరక కట్టిన ఎద్దు అడుగు తియ్యలేక ఈడుస్తంటే, కీళ్లు బిగుసుకుపోతంటే, ఇదేదో మామూలు జబ్బు కాదని పోల్చుకున్నారు. వాళ్లేం ఎద్దుని "మీరు సంతృప్తిగా ఉన్నారా" అని అడగలేదు కదా. నడక చూశారు. ఈ రోజు నడిచిన నడక, పోయినేడు నడిచిన నడక. నీ కాడ ఆ పోయినేడు అనే మాటే లేదు. క్యాంపుకి ముందు ఎట్టా ఉండారో రాసుకోకుండా క్యాంపు అయినాక ఎంత మారారో ఎట్టా చెప్తావు స్వామీ, ఏమన్నా అంజనం వేసి చూస్తావా?

కింద నెల్లూరోళ్లది ఇంకో కథ ఉంది, అది గుర్తొచ్చినప్పుడల్లా నిన్ను చూస్తే జాలేస్తది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది, రాత్రి బడుల్లో ఆడోళ్లు పలకలు పట్టుకున్నారు. అప్పుడు నువ్వు వెళ్లుంటే ఏం అడిగేవాడివి? సంతకం వచ్చిందా, పలక అందిందా, లాంతరు వెలిగిందా. అన్నిటికీ నవ్వు మొహాలు కొట్టుకోని వెళ్లిపోయుండేవాడివి. ఆ చదువుకున్న ఆడోళ్లే 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు, వాళ్లలో ముందు నిలబడిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరుకల్లా సారా నిషేధం వచ్చింది. చదువు చెప్పిన పనికి అసలు ఫలితం అది. ఏ గడిలో పట్టేదది? "ఇతర సూచనలు" అని నీకు కింద ఒక గీత ఉంటది, అందులో పట్టేదా?

ఆ గీత సంగతి కూడా చెప్పాల. మా నాయనమ్మ ఒక్కటే అడిగింది దాంట్లో రాయమని. "బోరు నీళ్లు తాగొద్దన్నారు. సరే. మానేసి ఏం తాగాల్నో రాయమను. క్యాను నీళ్లు ఇంట్లో ఐదుగురికి రోజూ కొనాలంటే ఎవురిస్తారో అది కూడా రాయమను." నేను సన్న అక్షరాలతో ఇరికించి ఇరికించి రాశా, ఆఖరి రెండు మాటలు పక్క అంచు మీద నిలువుగా రాయాల్సొచ్చింది. కంప్యూటర్లో ఎక్కించే పిల్లోడు మా షాపుకే వచ్చాడు స్కాన్ చేయడానికి, అడిగితే "అన్నా, ఎక్సెల్‌లో ఇతర అనే కాలం లేదు, అది వదిలెయ్యమన్నారు" అన్నాడు. పిల్లోడి తప్పేం లేదు, అతనికి కూడా డబ్బులు రాలేదంట.

పెద్దాసుపత్రికి పోయి చూపించుకోమని చీటీలు ఇచ్చారే, మా వీధిలో తొమ్మిది మందికి ఇచ్చారు. నువ్వు "రిఫర్ చేసినవారు" అని రాసుకోని సంబరపడ్డావు. మొన్న ఊరికే కూర్చోలేక నేనే ఇంటింటికి తిరిగా, నీ మిగిలిపోయిన కాపీల వెనకపక్కనే రాసుకుంటా. ఒంగోలు దాకా పోయింది ఇద్దరు. ఒకామె చీటీ చొక్కా జేబులో ఉతికేసింది, మొగుడి చొక్కా. ఇంకొకాయన "కంది కోతలయినాక చూద్దాం" అన్నాడు, కోతలయి నెలయింది. ఇద్దరు అసలు అది ఆసుపత్రి చీటీ అనుకోలా, భోజనం టోకెను అనుకోని కౌంటర్లో ఇచ్చేశారంట. ఆ తాత మాత్రం చీటీ భద్రంగా పాసుపుస్తకంలో పెట్టుకోనున్నాడు. ఎవరన్నా వచ్చి అడుగుతారేమో అని. ఎవరూ రాలేదు, నేను పోతే నన్నే క్యాంపోళ్ల మనిషనుకోని మంచం మీద కూర్చోబెట్టి చీటీ తీసిచ్చాడు, నాకు ఏం చెయ్యాలో తెలవక వెనక్కిచ్చేశా.

కాబట్టి ఒక పని చెయ్యి. ఈసారి క్యాంపు రోజు నువ్వు రాబాక, ఆ రోజు మాకు పప్పుచారు చాలు. మూడు నెలలు ఆగి రా, ఆరు నెలలకి ఇంకోసారి రా. టెంటు, మైకు, బిస్కెట్లు ఏం తేబాక. బిందెలో ఏ నీళ్లున్నయో మూత తీసి చూడు, తాత చెప్పులు ఎవరు తొడుగుతున్నారో చూడు. ఏడ్చే మొహం ఈసారి నేను దగ్గరుండి ప్రింటేయిస్తా, పేపరు లీగల్ సైజుదే తెచ్చిపెట్టా, పాత బాకీ తీరిస్తే. మధ్యాహ్నం మూడు దాటినాక వస్తే నాయనమ్మ నిద్ర లేచుంటది, టీ పెడతది. క్యాను నీళ్లతోనే పెడతదిలే. టీ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటదంట, అది ఫోన్లో చదివి నేనే చెప్పా ఆమెకి, క్యాంపులో ఎవరూ చెప్పలా. "అయితే అరగ్లాసే తాగుదాం" అంది.

ఇట్లు,
నీ జిరాక్సోడు
(బాకీ: 300 కాపీలు, ఇంకా ఒక స్కానింగు)