పంపు మీద పడ్డ నింద

మా బాబాయి పికప్ బండికి ఫ్యూయల్ పంపు పోయిందని మొట్టమొదట కనిపెట్టింది మేకలు కాసుకునే ఒక పెద్దాయన. నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మామిడి మార్కెట్‌కు పోయే దారిలో, వెనక ట్రేల నిండా చిన్న రసాలతో బండి నీరసపడి, ముక్కి, మూలిగి ఆగింది. పెద్దాయన మేకల్ని అటు తోలి ఇటొచ్చి, కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు చూసి, ‘‘పంపు పోయిందయ్యా’’ అన్నాడు. ఆ సీజన్లో చాలామంది ఆయన మాటే పట్టుకున్నారు.

అది 2003 మోడల్ డీజిల్ బండి. కంప్యూటర్లు, సెన్సర్లు లేని కాలంది. ట్యాంకులోంచి ఫీడ్ పంపు డీజిల్ లాగుతుంది, ఫిల్టర్ మీదుగా పెద్ద పంపుకి తోస్తుంది, పెద్ద పంపు నాజిళ్లకి కొడుతుంది. ఇంజన్లో డీజిల్ సంసారం మొత్తం ఇంతే. బయట మాత్రం చిల్లర గొడవలు చాలా ఉండేవి. నిండుగా కొట్టిస్తే స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా మూత దగ్గర డీజిల్ ఒలికేది. పళ్లకి డీజిల్ వాసన పడుతోందని మార్కెట్లో కొర్రీలు పెట్టేసరికి బాబాయి ఓ ఆదివారం కూర్చుని తనకి తోచిన రిపేరు చేసి దాన్ని ఆపేశాడు. ఆ సంగతి ఊళ్లో కనపడ్డవాడికల్లా చెప్పాడు కూడా.

ట్యాంకు మూతకి తాళం ఉంది. తాళంచెవి బాబాయి మొలతాడుకి ఉంది. యార్డులో రాత్రిపూట డీజిల్ దొంగలు తిరుగుతారని ఆయన అనుమానం. అందుకని డీజిల్ కొట్టించాలన్నా, ఎంతుందో చూడాలన్నా బాబాయే దిగి, బండికి ఒరిగి, నడుము ట్యాంకుకి ఆనించి, లుంగీ ఓ చేత్తో పట్టుకుని రెండో చేత్తో తాళం తిప్పాలి. బంకులో పనిచేసే కుర్రాళ్లు ఆ కాసేపూ మర్యాదగా ఆకాశం వంక చూస్తారు.

మేకల పెద్దాయన దగ్గరా అదే జరిగింది. ఆగిన బండిని చూడగానే మనవాళ్లు ఎవరైనా వేసే మొదటి ప్రశ్న ‘‘డీజిలుందా?’’ అని. ‘‘పొద్దున్నే ఫుల్లు కొట్టించాను’’ అని బాబాయి ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. సరే, నడుము ఆనించి మూత తీశారు. సుయ్‌మంది. ‘‘గ్యాసు పట్టేసింది లోపల’’ అన్నాడు పెద్దాయన. వేపపుల్ల ముంచితే తడి పైదాకా ఉంది. మూత పెట్టేశారు. డ్రైవరు బానెట్టెత్తి, ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి చేతిపంపు కొట్టాడు. ముందు నురగొచ్చింది, తర్వాత ధార కట్టింది. బోల్టు బిగించి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. ‘‘చెప్పలా!’’ అని పెద్దాయన బీడీ వెలిగించుకున్నాడు.

ఇంకోసారి పంచరు షాపు ముందు ఆగింది. షాపాయన కూడా ముందు డీజిల్ చూడమన్నాడు, బాబాయి ఒరిగాడు, సుయ్‌మంది. తర్వాత ఆయన పద్నాలుగో నంబరు స్పానర్‌తో పంపుని నెమ్మదిగా నాలుగు పోట్లు పొడిచాడు. స్టార్టయింది. ఆ స్పానర్ని మాకే అమ్ముతానన్నాడు. బాబాయి కొన్నాడు కూడా.

మరోసారి సరిగ్గా ఆగిరిపల్లి కొండ కనపడే చోట ఆగింది. డీజిల్ చూశాక, స్పానర్‌తో కొట్టాక, మా పిన్ని కొండవైపు తిరిగి శోభనాచల స్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. స్టార్టయింది. ఆ మొక్కు తీర్చడానికి వెళ్లినప్పుడు బండి దారిలో ఆగలేదు. అప్పుడు ట్యాంకు సగమే ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి బాబాయి పట్టించుకున్నాడు, కానీ తన పద్ధతిలో. నిండుగా కొట్టించిన రోజే ఆగుతోందని, సగం ట్యాంకు ఉన్నప్పుడు మార్కెట్‌కు పోయి రావడం కూడా హాయిగా జరిగిపోతోందని కనిపెట్టాడు. ‘‘బంకువాడు కల్తీ కలుపుతున్నాడు. కొంచెమైతే బండి అరాయించుకుంటోంది, ఎక్కువైతే అజీర్తి చేస్తోంది’’ అన్నాడు. బంకు మార్చాడు. కొత్త బంకులో ఫుల్లు కొట్టించాడు. ఆగింది. జిల్లాలో బంకులన్నీ కుమ్మక్కయ్యాయని నిర్ధారణకొచ్చాడు.

ఊళ్లో మెకానిక్ కుర్రాడిది ఇంకో లెక్క. ‘‘ఫుల్లు ట్యాంకంటే పంపు మీద లోడెక్కువ పడుద్ది బాబాయ్, ముసలి పంపు కదా, లాగలేకపోతోంది’’ అన్నాడు. నిండు ట్యాంకులోంచి లాగడానికి ఎక్కువ కష్టమెందుకని అడగబోయాను. సిటీలో ఉండొచ్చినవాడికి బండ్ల సంగతి ఏం తెలుసన్నట్టు ఇద్దరూ ఒకేసారి చూశారు. పంపు ఊడదీయించి విజయవాడ ఆటోనగర్ పంపించారు. అక్కడ ఓ షాపులో దాన్ని బల్ల మీదెక్కించి తిప్పి చూసి, ‘‘పంపు బానే ఉందండీ. ఎటూ తెచ్చారు కాబట్టి కిట్టు మార్చి కాలిబ్రేషన్ చేశాం’’ అని పద్నాలుగు వేలు తీసుకున్నారు. తిరిగి బిగించాక ట్రయలేస్తే చక్కగా నడిచింది. ట్యాంకులో ఏముంది గనక, అడుగున ఐదు లీటర్లు. ఆ సంతోషంలో బాబాయి ఫుల్లు కొట్టించి, లోడెత్తి బయలుదేరాడు.

నున్న యింకా కనపడకముందే ఆగింది. మే నెల ఎండ. ట్రేల్లో రసాలు మగ్గిపోతున్న వాసన క్యాబిన్లోకి తెలుస్తోంది. అటుగా పోతున్న ఆటో ఎక్కించి డ్రైవర్ని ఆటోనగర్ పంపితే, డెబ్బై ఏళ్లు దాటిన మేస్త్రీ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టుంది.

ఆయన పంపు వంక చూడనే లేదు. ‘‘ఎలా ఆగింది? టక్కున ఆగిందా, నసిగి నసిగి ఆగిందా?’’ అన్నాడు. నసిగే ఆగిందన్నాం. ‘‘వైరు ఊడితే, పంపుకి డీజిల్ వదిలే కరెంటు మీట, అదే సోలెనాయిడ్, పోతే టక్కున ఆగుద్ది. నసిగిందంటే తిండి అందట్లేదు’’ అని ఐదు లీటర్ల క్యానులో డీజిల్ పోయించి, క్యాను క్యాబిన్లో నా కాళ్ల మధ్య పెట్టించి, ట్యాంకు పైపు పీకేసి క్యానులోంచి నేరుగా ఫీడ్ పంపుకి గొట్టం వేశాడు. ఎయిర్ తీసి స్టార్ట్ చేసి పోనిమ్మన్నాడు. నున్న పోయాం, లోడు దించాం, వెనక్కొచ్చాం. ఎక్కడా నసగలేదు. మగ్గిన రసాలకి వ్యాపారి రేటు కోసేశాడు గానీ అది వేరే ఏడుపు.

‘‘పంపు బంగారం. జబ్బు వెనకుంది’’ అని మేస్త్రీ పైపు మళ్లీ ట్యాంకుకే తగిలించాడు. మళ్లీ ఫుల్లు కొట్టించి తిప్పుతుంటే, అనుకున్నట్టే ఆగింది. ఆగిందో లేదో బాబాయి చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

‘‘ఆగండి! ఎవరూ మూత ముట్టుకోవద్దు.’’

స్పానర్‌తో పొడిచాం. కాలేదు. చేతిపంపు కొడితే బిగుసుకుపోయింది. పిన్ని ఫోన్లో కొండకి మొక్కింది. స్వామి కూడా పలకలేదు. పది నిమిషాలు గడిచాక మేస్త్రీ ‘‘ఇప్పుడు మీరు తీయండి రైతుగారూ. పూర్తిగా కాదు, కాస్త వదులు చేసి సందు దగ్గర లుంగీ అంచు పెట్టండి’’ అన్నాడు. బాబాయి ఒరిగాడు, వదులు చేశాడు, లుంగీ అంచు పెట్టాడు. సుయ్‌మంటూ అంచు సందులోకి లాక్కుపోయింది. ఇన్నాళ్లూ లోపల్నుంచి గ్యాసు బయటికి తన్నుకొస్తోందనుకున్నాం గానీ, బయటి గాలే లోపలికి దూరుతోంది.

మేస్త్రీ మూత తిరగేసి గోటితో గీకాడు. నల్లటి సైకిల్ ట్యూబు వాషరు, దాని కింద గాలి పోవాల్సిన సన్నటి బొక్క మీద, కారే పైపులకి మెత్తే ఎంసీల్ ముద్ద, బెత్తెడు. బాగా నున్నగా దిద్ది, పైన వేలిముద్ర కూడా ఉంది.

‘‘ఇదెవరి పనితనం?’’ అన్నాడు.

బాబాయి మేకలేమైనా కనపడతాయేమోనని రోడ్డు వంక చూశాడు.

ఫోను స్పీకర్లోనే ఉంది. పిన్ని మొత్తం విని, ‘‘నూనె డబ్బాకి రెండో బొక్క పెట్టకపోతే ధార రాదని నాకు తెలుసు. ఈయనకి తెలీదా?’’ అంది. మేస్త్రీకి ఆ మాట ఎంత నచ్చిందంటే, ‘‘అదేనమ్మా, డీజిల్ పోయిన కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. నిండు ట్యాంకులో పైన గాలే తక్కువ కాబట్టి రెండు లీటర్లు పోయేసరికే బిగుసుకుపోద్ది. సగం ట్యాంకైతే ఉన్న గాలే సాగుద్ది, ఊరు దాటిస్తుంది’’ అని మాకెవ్వరికీ చెప్పని వివరమంతా ఆవిడకి ఫోన్లో చెప్పాడు. ఆటో ఛార్జీ, మూడొందలు తీసుకున్నాడు. పద్నాలుగు వేల సంగతి ఎత్తితే, ‘‘పంపు మాత్రం ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు’’ అని ఓదార్చాడు.

కొత్త మూత వచ్చింది. బొక్క ఉన్నదే. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మళ్లీ నాలుగు చుక్కలు ఒలుకుతోంది. బాబాయి దాని వంక అదోలా చూస్తున్నాడని గమనించి పిన్ని ఇంట్లో మిగిలిన ఎంసీల్ ప్యాకెట్‌ను పోపులడబ్బా అడుగున దాచింది. మొన్న పచ్చిపులుసులో ఆవాలు వేస్తూ, ఆ సంగతి బాబాయి దగ్గర ఎత్తనని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది.