జూలై 1న పుట్టినవాళ్లూ, పుట్టించినవాళ్లూ

పేపర్లలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పొద్దున్నే వచ్చే 'చరిత్రలో ఈ రోజు' జాబితా మీద నాకు ఎప్పట్నుంచో ఒక ఫిర్యాదు ఉంది. జూలై 1 జాబితానే తీసుకోండి. 1646లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ పుట్టాడంటారు. 1938లో వేణుగాన విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా, 1949లో మన నెల్లూరు జిల్లా చవటపాలెంలో వెంకయ్యనాయుడు పుట్టారంటారు. 1961లో అయితే ఒకే రోజున ఇంగ్లండులో డయానా, అమెరికాలో పరుగుల వీరుడు కార్ల్ లూయిస్. అందరూ పెద్దవాళ్లే, కాదనను. కానీ ఈ తేదీన మన దేశంలో అందరికంటే ఎక్కువమందిని పుట్టించిన మహానుభావుడి పేరు మాత్రం ఏ జాబితాలోనూ కనపడదు. ఆయన మన ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారు.

పాతతరం ఉద్యోగులున్న ఏ ఆఫీసులోనైనా సర్వీసు రిజిస్టర్లు తిరగేయండి. జూన్ 1, జూలై 1 మీద జనాభా ఎలా విరగబడిందో చూసి జనాభా శాస్త్రజ్ఞులు బెంబేలెత్తాలి. మన తల్లులందరూ కూడబలుక్కుని ఒకే రోజు నొప్పులు పడ్డారని విదేశీ పరిశోధకులెవరైనా రాసినా నేను ఆశ్చర్యపోను. అసలు జరిగింది వేరు. బడి తెరిచిన కొత్తలో ఒక తండ్రి పిల్లాణ్ణి రెక్క పట్టుకుని తీసుకొస్తాడు.

"ఎప్పుడు పుట్టాడయ్యా వీడు?"

"గాలివాన వచ్చిన ఏడు సార్. ఊడ్పులవుతున్నాయప్పుడు."

హెడ్మాస్టరు గారు రెండో ప్రశ్న వేయరు. పిల్లాడి కుడిచేతిని నడినెత్తి మీదుగా అవతలికి తిప్పుతారు. వేళ్లు ఎడమ చెవికి తగిలితే ఐదేళ్లు నిండినట్టే. తగలకపోతే చెవే కాస్త ముందుకొస్తుంది, ఎందుకంటే పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు ఎగిరిపోతుంది. ఆపైన ఐదేళ్లు వెనక్కి లెక్కేసి, ఎర్ర సిరాతో గీత కొట్టి, జూలై 1 అని రాసేస్తారు. 'శ్రావణ శుక్రవారం, తెల్లారుజామున' అని తల్లి గుమ్మం దగ్గర్నుంచి ఎంత చెప్పినా రిజిస్టరులో శ్రావణానికి గడి లేదు.

తేదీ తేల్చడానికి ప్రపంచం తవ్వకాల్లో దొరికిన ఎముకల మీద, బొగ్గు ముక్కల మీద కోట్లు తగలేస్తోంది. మన దగ్గర ఒక చెయ్యి, ఒక చెవి, ఒక చుక్క ఎర్ర సిరా ఖర్చుతో పనైపోయింది. పైగా ఆ తీర్పు మీద అప్పీలు లేదు. పదో తరగతి సర్టిఫికెట్ మీదకెక్కిందంటే ఇక బ్రహ్మరాత కూడా దాని తర్వాతే.

దీనివల్ల ఇళ్లల్లో వచ్చిన చిక్కులు చిన్నవి కావు. అన్న పుట్టిన ఐదు నెలలకే తమ్ముడు పుట్టినట్టు రికార్డులున్న కుటుంబాలు ఉన్నాయి. ముందుచూపున్న హెడ్మాస్టర్లు 'రేపు ఉద్యోగానికి పనికొస్తుంది' అని రెండేళ్లు తగ్గించి వేశారు. కాబట్టి షష్టిపూర్తి చేసుకుని, పీటల మీద కూర్చుని, రెండో తాళి కట్టిన పెద్దమనిషి మర్నాడు ఆఫీసుకెళ్లి 58 ఏళ్ల వాడిగా సంతకం పెడతాడు. పెళ్లి సంబంధాల దగ్గర 'ఒరిజినల్ తేదీనా, సర్టిఫికెట్ తేదీనా?' అని అడగడం మర్యాద కింద స్థిరపడింది. ఇక ఫేస్‌బుక్. జూలై 1 పొద్దున అది తెరిస్తే బాబాయి, మేనమామ, పాత మేనేజరు, వియ్యంకుడు అందరికీ బెలూన్లే. శుభాకాంక్షలు అందుకున్న వాళ్లు 'అసలుది కాదు గానీ, థాంక్స్' అని జవాబిస్తారు. తన పుట్టినరోజుకు తానే క్షమాపణ చెప్పుకునే జాతి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంక్రిమెంటు దగ్గర తగిలింది. నెల మొదటి తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవ్వాలని సర్కారు రూలు. అంటే మన జూలై 1 సంతానమంతా జూన్ 30 సాయంత్రం శాలువా కప్పించుకుని ఇంటికెళ్లిపోవాలి. కేంద్ర ఉద్యోగులకు 2006లో ఇంక్రిమెంటుకు ఖాయం చేసిన తేదీ ఏమిటో ఊహించండి. జూలై 1! ఏడాదంతా చాకిరీ చేసి, కూలి పంచే రోజు తెల్లారేసరికి మీరు ఉద్యోగే కాదని చెప్పించుకున్నారు. పోయింది ఒక్క నెల జీతం పెంపు కాదు, పింఛను లెక్కలో బతికినంతకాలం పోతూనే ఉంటుంది. ఈ ఒక్క రోజు తేడా మీద 2017లో మద్రాసు హైకోర్టు ఒక ఉద్యోగి పక్షాన తీర్పు చెప్పింది. మిగతా హైకోర్టులు తలోమాటా అన్నాయి. చివరికి 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు, ఆఖరి రోజు దాకా సంపాదించుకున్న ఇంక్రిమెంటు మర్నాడు రిటైరై ఉన్నా ఇవ్వాల్సిందేనని తేల్చింది. ఒక పల్లెటూరి ఎర్ర సిరా గీసిన గీత ఎంతదూరం పోయిందో గమనించండి. చరిత్ర జాబితాలో దీనికి ఒక్క లైను దక్కలేదు. నడుస్తూ క్యాసెట్లు వినే వాక్‌మన్ 1979 జూలై 1న మార్కెట్లోకి వచ్చిందని మాత్రం ఏటా రాస్తారు. దానికి పై లైనులోనే మొదటి ప్రపంచ యుద్ధంలోని 1916 సోమ్ పోరు మొదటి రోజు ఉంటుంది, పంతొమ్మిది వేలమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారని. చివర్లో ఇద్దరు సినిమా తారలకు జన్మదిన శుభాకాంక్షలు, ఒక గులాబీ బొమ్మ.

హెడ్మాస్టరు గారిది పల్లెటూరి బుద్ధి అనుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఏడాదిని సగానికి విరిచే ఈ తేదీ అంటే ప్రపంచంలోని గుమాస్తాలందరికీ ప్రాణం. కెనడా 1867లో ఈ రోజునే దేశమైంది. 1962లో బెల్జియం వాళ్లు తమ చేతికింద ఉన్న ఆఫ్రికా దేశాలు రువాండా, బురుండీలకు స్వాతంత్ర్యం తేదీగా ఒకే జూలై 1 వేసి, మన అన్నదమ్ములకు వేసినట్టే, బయటికి పంపేశారు. హాంకాంగ్ శివారు భూముల్ని బ్రిటన్ 1898 జూలై 1 నుంచి 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది కాబట్టే 1997 జూలై 1న హాంకాంగ్ మొత్తం చైనాకు అప్పగించాల్సి వచ్చింది. మన స్టేట్ బ్యాంకు 1955లో, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949లో ఇదే తేదీకి రిజిస్టరులోకెక్కాయి. 2017లో జీఎస్టీకి పార్లమెంటు సెంట్రల్ హాల్లో అర్ధరాత్రి ముహూర్తం పెట్టారు. 2024లో పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ రోజు నుంచి 'ఫోర్ ట్వంటీ' అనే తిట్టు చట్టరీత్యా చెల్లదు, ఇప్పుడు మోసం సెక్షను నంబరు 318. జనం మాత్రం ఇంకా పాత నంబరుతోనే తిట్టుకుంటున్నారు. ఆ లైబ్నిజ్ కూడా అప్పట్లో వాళ్ల ఊరి పాత క్యాలెండరు ప్రకారం జూన్ 21నే పుట్టాడు, తర్వాత క్యాలెండరు మార్చినవాళ్లు లెక్క సరిచేసి జూలై 1కి తెచ్చారు. ఆయన కూడా మనవాడే.

ఈ గుంపులో ఎవరూ వేలెత్తి చూపలేని మనిషి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్. 1882 జూలై 1న పుట్టి, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా ఉంటూనే 1962 జూలై 1న, సరిగ్గా ఎనభయ్యో పుట్టినరోజున పోయారు. ఆయన పేరునే ఈ రోజు డాక్టర్ల దినం. అదే రోజు చార్టర్డ్ అకౌంటెంట్ల దినం, అదే రోజు జీఎస్టీ దినం. వైద్యం చేసినవాడు, బిల్లు లెక్క చూసేవాడు, దాని మీద పన్ను వేసేవాడు ముగ్గురూ ఒకే రోజున దండలు వేయించుకుంటున్నారు. మంచమెక్కినవాడికి మాత్రం ఏ దినమూ లేదు.

ఇంతలో హెడ్మాస్టరు గారి అధికారం జారిపోతోంది. వయసు తప్ప తేదీ చెప్పలేనివాళ్లకు ఆధార్ కేంద్రం జనవరి 1 వేస్తూ వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఒక్కరోజునే పుట్టాయి, అది కూడా చెవి పట్టించకుండా! పైగా సవరించిన జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు బడిలో చేరాలంటే జనన ధ్రువపత్రమే చూపించాలి. ఇకమీదట పిల్లలు పుట్టినరోజునే పుడతారన్నమాట. జూలై 1 సంతతి మనతోనే సరి.

అందుచేత ప్రభుత్వాలు ఆలస్యం చేయకుండా 'జాతీయ జన్మదాతల దినోత్సవం' ప్రకటించాలని డిమాండ్ చేస్తున్నాను. మిగిలి ఉన్న ఒక పాతకాలపు హెడ్మాస్టరును వెతికి సన్మానించాలి. అయితే జూలై 1న హాలు ఖాళీగా ఉండదు, డాక్టర్లు ఒక పూట, ఆడిటర్లు ఒక పూట ముందే బుక్ చేసుకుంటారు. ఆ మాటకొస్తే హెడ్మాస్టరు గారి సొంత సర్వీసు రిజిస్టరులోనూ జూలై 1 అనే ఉంది, వాళ్ల హెడ్మాస్టరు వేసింది. కనుక సన్మానం జూన్ 30 సాయంత్రం ఐదులోపే ముగించాలి. ఆ తర్వాత ఆయన హోదా చెల్లదు, శాలువా బిల్లు ట్రెజరీలో పాస్ కాదు.