చొక్కా మారితే సర్వీసు పోవాలా?

అమెరికాలో ఏదైనా ఎయిర్‌లైన్ ఒక ఊళ్లో స్టేషన్ మూసేస్తే అక్కడ సామాను ఎత్తేవాళ్లు, కౌంటర్‌లో కూర్చునేవాళ్లు ఆ రోజే రోడ్డున పడరు. యూనియన్ ఒప్పందం ఉన్నచోట సర్వీసు లెక్క చూసి, ఇంకో ఊళ్లో ఖాళీ ఉంటే అక్కడికి, లేదంటే తమకంటే జూనియర్ ఉన్న చోటికి వెళ్తారు, ఆ జూనియర్ ఇంకొకరిని కదుపుతాడు, లిస్టులో చివర ఉన్నవాడికి పని పోతుంది. 2020 అక్టోబరులో కరోనా వేళ ఇచ్చిన సర్కారు సాయం ఆగగానే అమెరికన్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కలిసి సుమారు 32 వేల మందిని పక్కనపెట్టాయి. డిసెంబరులో సాయం మళ్లీ మంజూరైతే వెనక్కి పిలిచాయి.

మన టీచర్లకు ఈ బాధ తెలుసు. సర్‌ప్లస్, అంటే ఉండాల్సినవాళ్ల కంటే ఎక్కువ ఉన్నారని తేలితే బడిలో జూనియరే రాయదుర్గానికో కళ్యాణదుర్గానికో మూటాముల్లె సర్దుకోవాలి. తిట్టుకుంటారు, కానీ లిస్టు కళ్లముందు ఉంటుంది, తప్పుంటే అడగొచ్చు.

మరి బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ డ్యూటీ చేసే మన అనంతపురం, హిందూపురం పిల్లల సంగతేంటి? చివర చేరినవాణ్ని ముందు తీయాలని, మళ్లీ ఖాళీ వస్తే తీసేసినవాళ్లనే ముందు పిలవాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. చిక్కెక్కడంటే, ఆ లెక్క ఒక్కో సంస్థలోనే. ఈ పని చేయించే కాంట్రాక్టరు మారితే అదే కుర్రాడు, అదే విమానం, అదే సామాను, చొక్కా మీద పేరొక్కటే కొత్తది, కానీ ఏళ్ల సర్వీసు కాస్తా సున్నా అయిపోతుంది. ఇక కంపెనీయే మునిగితే లిస్టు ఉన్నా దండగే, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2022లో మన కడపకు తిరిగిన ట్రూజెట్ ఆగిపోయినప్పుడు చూశాం కదా.

సీనియారిటీతో ఉద్యోగం దక్కినా ఊరు మారడం తేలికేం కాదు. జూన్‌లో కట్టిన స్కూలు ఫీజు తిరిగిరాదు, బెంగళూరులో ఇంటి అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరుతో కొంత కోస్తారు, కొత్త ఊళ్లో మళ్లీ అడ్వాన్సు. పైగా ఇక్కడ అమ్మానాన్నలను చూసేదెవరు? జీతం ఎవరు కాపాడతారోగానీ ఈ ఖర్చు మాత్రం ఉద్యోగి నెత్తినే.

అందుకే మేం అడిగేది రెండే. కాంట్రాక్టరు మారినా సర్వీసు కొనసాగాలని టెండరు షరతుల్లోనే రాయాలి. బదిలీ చేస్తే సామాను రవాణా, అడ్వాన్సు భారం కంపెనీ మోయాలి. అది వచ్చేదాకా అక్కడ పనిచేసే పిల్లలు అపాయింట్‌మెంట్ లెటర్లు, పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ఒక్కటీ పారేయకండి. రేపు ఎన్నేళ్లు చేశావని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండేవి అవే.