డ్రైవరుకూ ఓ మంచం కావాలి

రాత్రి 12 గంటలకు తిరుమల ఘాట్ రోడ్డు మూసేస్తారు. మళ్లీ తెరిచేది తెల్లవారుజామున 3 గంటలకు. ఆ మధ్యలో వచ్చిన బండ్లు అలిపిరి టోల్‌గేటు ముందు బారు తీరతాయి. ఆ బారు వెంట ఒకసారి నడిచి చూడండి. వెనక సీట్లలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతుంటారు. ముందు సీట్లో పెద్దాయన అద్దానికి తల ఆనించి గురక పెడుతుంటాడు. డ్రైవరు మాత్రం కిందికి దిగి, సీసాలో నీళ్లు దోసిట్లో పోసుకుని కళ్ల మీద చల్లుకుంటూ, మెడ అటూ ఇటూ విరుచుకుంటూ ఉంటాడు. సీటు వెనక్కి వాల్చుకుందామంటే వెనకవాళ్ల మోకాళ్లు అడ్డం. గేటు తీసీ తీయగానే ముందు బండి కదిలిపోతుందేమోనని కన్ను మూయడు.

ఏ కారణంతో మూసినా, దారి మూయడానికి అంతకన్నా తగిన వేళ లేదు. రాత్రి 2 గంటల నుంచి తెల్లవారి 6 దాకా మనిషి మెలకువ అట్టడుగున ఉంటుంది. అందులో కొంతసేపైనా కొండదారికి విశ్రాంతి దొరుకుతోంది. కింద రేణిగుంట, చంద్రగిరి, నాయుడుపేట దారులు మాత్రం ఆ వేళలోనే నిండుగా నడుస్తాయి. వాటిని మూయమని మేము అనడం లేదు. ఆ దార్ల మీద స్టీరింగు పట్టుకున్న మనిషి ఎప్పుడు పడుకోవాలో ఎవరూ లెక్క వేయడం లేదన్నదే మా బాధ.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగినకొద్దీ నిద్ర లాగుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ దాన్ని తగ్గించదు. అది పని చేసే చోట అడ్డం కూర్చుని, నిద్ర కబురు మెదడుకు చేరకుండా కాసేపు ఆపుతుంది, అంతే. అప్పు అలాగే ఉంటుంది, అప్పులవాడు గుమ్మం బయట నిలబడి ఉంటాడు. దీనికి తోడు ఒంట్లో ఓ గడియారం ఉంది. అది తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య మరోసారి మనిషిని కిందికి లాగుతుంది. మన జిల్లాల్లో సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళకే దారిపక్క హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు కడుపునిండా పట్టించి బండెక్కుతాం. తూగొస్తే సంగటిని తిట్టుకుంటాం. తినకపోయినా ఆ వేళకు కొంత తూగు వస్తుంది, సంగటి దానికి తోడవుతుందంతే.

‘నాకు నిద్రొస్తే తెలియదా’ అంటాడు నడిపేవాడు. నిద్ర వస్తోందని తెలుస్తుంది. ఏ క్షణాన పట్టేస్తుందో తెలియదు. రెండు, మూడు, నాలుగు సెకన్లపాటు మెదడు ఆగిపోయే రెప్పపాటు నిద్ర ఒకటుంది. కళ్లు తెరిచి ఉండగానే అది రావచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు నడిపేవాడు లేకుండా నడిచిందన్నమాట. ఆ దూరంలో ఆగి ఉన్న లారీ ఉంటే, గుద్దిన చోట బ్రేకు వేసిన గీతలు కూడా చాలాసార్లు కనబడవు. మర్నాడు కాగితాల్లో ‘అతివేగం, నిర్లక్ష్యం’ అని రాసేస్తారు. తాగి నడిపాడో లేదో చూడ్డానికి ఊదించే యంత్రం ఉంది, నిద్ర కొలిచే యంత్రం ఏ పోలీసు చేతిలోనూ లేదు.

నిజానికి ఈ రెంటికీ తేడా తక్కువ. పొద్దున 6కి లేచినవాడు రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మేలుకుని ఉన్నట్టు. అప్పటికి అతని చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి చురుకుదనంతో సమానమని ఆస్ట్రేలియా పరిశోధకులు 1990లలోనే తేల్చారు. 24 గంటలు మేలుకుంటే అది 100 మిల్లీగ్రాములతో సమానం. మన చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. చుక్క ముట్టనివాడు, నుదుట నామం పెట్టుకుని గోవిందా అంటూ బయల్దేరినవాడు, చట్టం గీసిన గీతకు మూడింతలు అవతల ఉండి కూడా దర్జాగా టోల్‌గేటు దాటుతున్నాడు.

తిరుపతి ప్రయాణం ఎలా సాగుతుందో మనకు తెలియనిది కాదు. శుక్రవారం ఆఫీసు ముగించుకుని హైదరాబాదులో బయల్దేరతారు. 550 కిలోమీటర్లకు పైబడ్డ దారి. తెల్లారేసరికి అలిపిరి. మొక్కుంది కాబట్టి 3,550 మెట్లు ఎక్కాల్సిందే. తర్వాత క్యూ కాంప్లెక్సులో కూర్చున్నది ఎన్ని గంటలో వాళ్ల అదృష్టం. దర్శనమయ్యాక అసలు మాట వస్తుంది: ‘ఎలాగూ వచ్చాం కదా!’ ఎలాగూ వచ్చాం కదాని తిరుచానూరు, ఎలాగూ వచ్చాం కదాని శ్రీకాళహస్తి, ఇంకాస్త దూరమే కదాని కాణిపాకం. సోమవారం పొద్దున డ్యూటీ ఉంది కాబట్టి ఆదివారం రాత్రే తిరుగు ప్రయాణం. ఈ లెక్కలో అందరి టిఫిన్లు, స్నానాలు, గుండ్లు, లడ్డూలు ఉంటాయి. స్టీరింగు పట్టుకునే మనిషికి నిద్ర ఒక్కటే ఉండదు. సొంత బండైతే ఆ మనిషి మెట్లెక్కి, క్యూలో నిలబడి వచ్చిన ఇంటాయనే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపుల టెన్షన్‌లో కళ్లు విప్పారే ఉంటాయి. అలిపిరి దాటి నాలుగు వరసల దారి తిన్నగా పరుచుకోగానే టెన్షన్ సడలుతుంది, కునుకు కూడా అక్కడే పట్టుకుంటుంది.

అద్దె బండైతే కథ వేరు. ‘నైట్ బత్తా ఇస్తున్నాంగా’ అంటాం. బత్తా అన్నది రాత్రి తిండికీ పడకకూ ఇచ్చే డబ్బని ఎప్పుడో మర్చిపోయాం. ఇప్పుడది పడుకోనందుకు ఇచ్చే కూలి అయింది. యాత్రికులకు గది దొరుకుతుంది. ఉచిత వసతి సముదాయాల్లో డ్రైవరూ ఒక చాప వేసుకోవచ్చు, కాదనేవారు లేరు. కానీ సామానంతా బండిలో ఉంటుంది, అద్దాలు బిగించి తాళం వేసిపోతే ఓనరు ఊరుకోడు, పార్టీ ఫోన్ చేయగానే ఐదు నిమిషాల్లో వచ్చి ముందు నిలబడాలి. అందుకని సీటులోనే ఒరిగి, అద్దం నాలుగు వేళ్లు దించుకుని, దోమలు తోలుకుంటూ గంటో గంటన్నరో కళ్లు మూస్తాడు. డ్రైవర్లకు ఓ గది ఉన్న లాడ్జీలు లేకపోలేదు. వాటిల్లో చాలావరకు జనరేటరు పక్కనో, పార్కింగ్ మూలనో ఉంటాయి. ఈ పార్టీని దించిన రాత్రే మరో ట్రిప్పు ఒప్పుకుంటున్న డ్రైవరును అత్యాశపరుడని తిట్టడం తేలిక. నెల మొదట్లో కట్టాల్సిన ఈఎంఐ అతని నిద్ర సంగతి అడగదు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1961లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అంది. దూరప్రయాణాలకూ పండగ రద్దీకీ 10 దాకా సడలింపు ఇచ్చింది. ఐదు గంటలు నడిపితే అరగంట ఆపాలంది. కాకపోతే అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకు రాసిన చట్టం. ఒక బండి, ఒక డ్రైవరు ఉన్న ట్రావెల్స్ మీద దానికి ఆచరణలో పట్టు ఉండేది కాదు. తిరుపతిలో తిరిగే కార్లలో ఇలాంటివి ఎన్నో బస్టాండు బయట కాసేపు నిలబడితే తెలుస్తుంది.

లారీలవాళ్లది ఇంకో రకం గడియారం. మదనపల్లె టమాటా చీకటి ఉండగానే చెన్నై మార్కెట్లో దిగాలి. మామిడి సీజన్‌లో తోతాపురి లోడుతో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు గంటలకొద్దీ వరసలో ఉండి, అన్‌లోడ్ కాగానే మళ్లీ తోట దారి పట్టాలి. ఆ వరసలో గడిపిన సమయాన్ని విశ్రాంతి అనలేం. పది నిమిషాలకోసారి బండి ముందుకు జరపాల్సినవాడికి నిద్రేం పడుతుంది? మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ ఎలాంటి దారులో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాంటి మలుపుల్లోకి ఇలాంటి కళ్లతో దిగుతున్నారు.

రాత్రిపూట పోలీసులు హైవే మీద బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మన రాష్ట్రంలో చూస్తున్నాం. మంచి పనే. కనీసం బండి ఆగుతుంది, ఒక మనిషి డ్రైవరు ముఖంలోకి చూస్తాడు. అయితే చన్నీళ్ల మేలుకొలుపు కొద్ది నిమిషాలదే. అద్దం దించడం, పాటల సౌండు పెంచడం, ఖైనీ, బుగ్గన చాక్లెట్టు అన్నీ ఆ కోవలోవే. ముఖం కడిగించినవాళ్లు ‘ఇక పో’ అనకుండా ‘అక్కడ పక్కకు పెట్టి ఇరవై నిమిషాలు పడుకో’ అంటే, ఆ మాట ప్రాణం నిలబెడుతుంది. అలా పెట్టుకోవడానికి చోటు ఉండాలి మరి. దారి అంచున లైట్లార్పి ఆపిన లారీ, తూగుతూ వచ్చే మరో బండికి మృత్యువు.

తెలిసినవాళ్లు చేసే పద్ధతి ఒకటి చెబుతాం. బండిని దారికి దూరంగా, వెలుతురున్న చోట పెట్టి ముందు ఓ స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ తాగాలి. తాగిన వెంటనే అలారం పెట్టుకుని పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోవాలి. కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇంచుమించు అంతసేపే పడుతుంది కాబట్టి లేచేసరికి కునుకు, కాఫీ రెండూ కలిసివస్తాయి. ముప్పావు గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేచి కాసేపు మత్తుగా ఉంటుంది. లేచాక ఐదు పది నిమిషాలు నడిచి గానీ ఎక్కకూడదు. తలుపులన్నీ మూసి ఇంజన్, ఏసీ నడుస్తుండగా పడుకోవడం మాత్రం వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే ఆ నిద్ర లేవడమే ఉండదు. నిండా జనం ఎక్కిన కారులో లోపలి గాలినే తిప్పే బటన్ గంటల తరబడి నొక్కి ఉంచినా తూగు వస్తుంది. జలుబుకని వేసుకునే సిట్రిజిన్ లాంటి మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు నిద్ర తెప్పిస్తాయని మందుల షాపువాళ్లు డ్రైవర్లకు ఒక మాట చెప్పాలి. ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూగుతూ, రాత్రి గట్టిగా గురక పెట్టే డ్రైవరైతే కాఫీతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడే జబ్బు అయ్యుండొచ్చు.

ఇవన్నీ డ్రైవరు చేతిలో ఉన్నవి. మిగతాది ఊరి చేతిలో ఉంది. ఘాట్ రోడ్డు మీద ఇక్కడ ఓ ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. కింద టైము వేసి చీటీ ఇస్తారు. పైకి 28 నిమిషాలకన్నా, కిందికి 40 నిమిషాలకన్నా ముందు చేరితే జరిమానా. వేగాన్ని డ్రైవరు బుద్ధికి వదిలేయకుండా చీటీకి కట్టేశారు. యూరప్‌లో లారీకి ట్యాకోగ్రాఫ్ అనే యంత్రం ఇదే పని విశ్రాంతి విషయంలో చేస్తుంది. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలి, ఆపకపోతే అది పట్టిస్తుంది. యాత్రికుల బండ్లకు ముందురోజు నుంచి ఎన్ని గంటలు నడిచాయో అలిపిరిలో అడిగి అదే చీటీ మీద రాయడం అసాధ్యమేమీ కాదు. ఎక్కువైందని తేలితే ఆపడానికి అక్కడే ఓ షెడ్డు, యాభై మంచాలు, దోమతెరలు, బండ్లకు కాపలా ఉంటే చాలు. ఇంత అన్నదానం జరిగే చోట మంచాలకు దాతలు దొరకరంటే మేము నమ్మం. ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవరు అంతకుముందు 24 గంటల్లో ఎంతసేపు పడుకున్నాడో నమోదు చేయించమని తిరుపతి, చిత్తూరు జిల్లాల రోడ్డు భద్రతా కమిటీలను కోరుతున్నాం. ఆ లెక్క లేనంతకాలం నిద్ర చేసిన చావులన్నీ అతివేగం ఖాతాలోనే పడుతుంటాయి.

బండి మాట్లాడుకునేటప్పుడు మనం కిలోమీటరుకు ఎంత, ఏసీ ఉందా, బత్తా ఎంత అని అడుగుతాం. ‘రాత్రి పడుకున్నావా అన్నా?’ అని అడిగినా లాభం తక్కువే. లేదంటే ట్రిప్పు పోతుంది కాబట్టి ‘పడుకున్నా సార్’ అనే అంటాడు. అతని మాట మీద ఆధారపడకుండా, తిరుగు ప్రయాణం రాత్రి 10కి బదులు పొద్దున 6కి పెట్టుకుంటే సరిపోతుంది. దానికి అదనంగా అయ్యేది ఒక రాత్రి గది అద్దె, డ్రైవరుకు ఇంకో మంచం.