స్పీకర్ ఆపాలా, ఉంచాలా?

పొద్దున అయిదున్నర. హైస్కూల్ గ్రౌండ్‌లో పదకొండు మంది అమ్మాయిలు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 800 మీటర్లు ఉరుకుతున్నారు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం దానికి 5 నిమిషాల 20 సెకన్లు. గట్టు మీద బ్లూటూత్ స్పీకర్ మోగుతోంది. గొడవంతా దాని గురించే. ఒకవైపు రిటైరైన డ్రిల్లు సార్, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. ఇంకోవైపు ఆయన శిష్యురాలు. ఇప్పుడు కానిస్టేబుల్, డ్యూటీ లేని పొద్దులన్నీ ఈ పిల్లలకే ఇస్తోంది.

సార్: ఆ డబ్బా ఆపు బిడ్డా. నిన్న చూసినవ్ గదా. మూడో రౌండ్‌ల నీ ఫోనుకు ఎవరిదో కాల్ వచ్చింది, పాట టక్కున ఆగింది. ముందు ఉరుకుతున్న ఆ సన్నపిల్ల అడుగు తడబడ్డది. వెనకకు తిరిగి గట్టు దిక్కు చూసింది. మళ్ల అందుకునేసరికి ఇద్దరు దాటిపోయిండ్రు. పరీక్ష నాడు ఆమెకు పాట ఎవరు పెడ్తరు?

శిష్యురాలు: ఎవరూ పెట్టరు సార్. కానీ పరీక్ష దాకా రోజూ గ్రౌండ్‌కు రావాలె గదా. నెల కింద నలుగురే వచ్చేటోళ్లు. చీకట్ల లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి వస్తరు ఈ పిల్లలు. పాట ఇనబడంగనే మొఖాలు మారుతయ్.

సార్: రప్పిచ్చుడు వేరు, ఉరికిచ్చుడు వేరు.

శిష్యురాలు: ఉరికిస్తది గూడ. 1911లోనే లియోనార్డ్ అయర్స్ అనే ఆయన న్యూయార్క్‌ల ఆరు రోజుల సైకిల్ పందెం చూసి లెక్క రాసిండు. బ్యాండు మోగుతుంటే గంటకు 19.6 మైళ్లు, ఆగితే 17.9.

సార్: బ్యాండు మోగేటప్పుడు జనం కేకలు గూడ ఉంటయ్ గదా. తొక్కించింది డోలా, జనమా?

శిష్యురాలు: సరే, అది పక్కన పెట్టుండ్రి. ఇథియోపియా రన్నర్ హైలీ గెబ్రసెలాసీ ఉన్నడు. 1998ల బర్మింగ్‌హామ్ ఇండోర్ స్టేడియంల తనకు ఇష్టమైన పాట స్పీకర్లల్ల మోగుతుంటే, దాని లయ మీద అడుగేసి 2,000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు కొట్టిండు. 4 నిమిషాల 52.86 సెకన్లు.

సార్: అప్పటికే ఆయన ఎవరు? 5,000, 10,000 మీటర్ల రికార్డులు 1995లనే కొట్టినోడు. కాళ్లల్ల లయ ముందే ఉన్నది, పాట దానికి జతపడ్డది. మన పిల్లలకు ఆ లయ ఇంకా పుట్టలే. పుట్టకముందే కర్ర చేతికిస్తే, కర్ర లేకుండ నడుస్తరా? పైగా అథ్లెటిక్స్ పోటీల పాటల పరికరం దగ్గర పెట్టుకుంటే నియమం ఒప్పుకోదు.

శిష్యురాలు: పుట్టాలంటే మొదలు ఇనబడాలె సార్. ఆ సన్నపిల్లకే చూడుండ్రి, మొదట్ల ఒక అడుగు పొడుగు, ఒకటి పొట్టి. నిమిషానికి 160 అడుగులు పడాలని 80 దెబ్బల డప్పు పాట పెట్టిన. ఎడమకాలు పడ్డప్పుడల్లా ఒక దెబ్బ. పది రోజులల్ల సమానమైంది. నాట్లు వేసేటప్పుడు మన అమ్మలు పాట లేకుండ వేసిండ్రా? నడుము పోతుంటే పాటే గదా నిలబెట్టింది.

సార్: మా అమ్మ మాట తెచ్చినవ్, మంచిదే. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె నోట్ల నుంచే. ఒకామె ఎత్తుకుంటే మిగిలినోళ్లు అందుకునేటోళ్లు. అలిసిపోతే పాట మెల్లగైతది, చెయ్యి గూడ మెల్లగైతది. పాట మనిషి ఊపిరి ఇంటది. నీ డబ్బా ఎవరి ఊపిరి ఇంటది? పిల్ల దమ్ము పోయి నిలబడ్డా అది అదే జోరుల కొడ్తనే ఉంటది.

ఇంకోటి చెప్తా. మేం కబడ్డీల కూతకు పోతే, కూత నా గొంతులదే. అది తెగితే నేను అవుట్. అందుకే అవతలి గీత దాటుతున్నప్పుడు చెవి నా కూత మీదనే ఉండేది. ఎంత ఊపిరి మిగిలింది, ఇంకో మనిషిని ముట్టొచ్చా, తిరగాల్నా, అంతా అదే చెప్పేది. నలభై ఏండ్లైనా ఆ సన్నటి గీర ఇప్పటికీ గొంతుల ఉన్నది. ఈ పిల్లలకు తమ ఊపిరి చప్పుడు ఇనబడుతలే బిడ్డా. అదే నా బాధ.

శిష్యురాలు: ఇనబడకపోవుడే కావాలె సార్, కొన్ని దినాలు. కొత్తగ ఉరికేటోళ్లకు రెండో రౌండ్‌లనే రొమ్ము మండుతది, ‘ఇగ నాతోని కాదు’ అనిపిస్తది. కాళ్లల్ల సత్తువ ఉంటది, భయమే ఆపుతది. నన్ను గూడ ఆపింది, మీకు తెల్వదా? పాట ఆ మంట మీది నుంచి మనసు మళ్లిస్తది. మెల్లటి, మధ్యరకం పరుగుల అలుపు తక్కువ తెలుస్తదని పరిశోధనలు గూడ చెప్తున్నయ్.

సార్: మరి గట్టిగ ఉరికితే?

శిష్యురాలు: ...అప్పుడు ఒంటి అరుపే ఎక్కువ ఇనబడ్తది. అలుపును పాట దాచలేదు. ఉరుకుడు కొంచెం ఇష్టంగ ఉంటదంతే.

సార్: చివరి రెండు వందల మీటర్లు గట్టిదే గదా. 5:20 తేలేది ఆడనే.

శిష్యురాలు: ఆడ మీరు చేసేది ఏంది మరి? మూలమలుపు కాడ నిలబడి చప్పట్లు కొడ్తరు. ‘ఒకటి రెండు, ఒకటి రెండు’ అంటరు. మీ చప్పట్ల మీదనే నేను ఆ రోజు గీత దాటిన.

సార్: పరీక్ష నాడు నేను లోపలికి రాలేదు. గేటు బయటనే ఉన్న.

శిష్యురాలు: తెలుసు సార్. అయినా నాకు ఇనబడ్డయ్.

(ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. అమ్మాయిలు మలుపు తిరుగుతున్నారు. సన్నపిల్ల పెదాలు కదులుతున్నాయి, పాటకో, లెక్కకో.)

సార్: ఆదివారం టైం పెడదాం. 800 మీటర్లు. డబ్బా ఇంట్ల పెట్టి రా.

శిష్యురాలు: అయిదింటికి తెస్త. వార్మప్ దాకా మోగనీయుండ్రి. విజిల్ వేసే ముందు మీ చేతులతోనే ఆపుండ్రి.

సార్: నీ ఫోను గూడ ఆపు.