అడ్డుతెర దించేలోపే బ్యాటరీ అయిపోతే ఎలా?

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాలు అమ్మేటప్పుడు ఆటోఫోకస్ గురించి గంట చెప్తారు, బ్యాటరీ ఊసే ఎత్తరు! అద్దంతోనే సీన్ చూపించే పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరా నికాన్ డీ7500కి ఒక్క ఛార్జింగ్‌తో కంపెనీ లెక్క 950 ఫొటోలు. మిర్రర్‌లెస్ సోనీ ఏ6400కి వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే చోట) చూసి తీస్తే 360. అద్దం లేదు కదా, క్లిక్ కొట్టకపోయినా చూస్తున్నంతసేపూ సెన్సర్, స్క్రీన్ కరెంటు తాగుతూనే ఉంటాయి. పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళకి కెమెరా ఎత్తిపట్టుకుని కాచుకుంటే ఒక్క ఫొటో తీయకుండానే ఛార్జింగ్ దిగిపోతుంది. పైగా ఏ6400లో ఉండేది 1020 ఎంఏహెచ్ బ్యాటరీ! సోనీదే ఇంకో మిర్రర్‌లెస్ ఏ6600లో 2280 ఎంఏహెచ్‌ది పెట్టారు, సంతోషమే. కానీ పాత బ్యాటరీలు అందులో పట్టవు, మళ్లీ కొత్తవి కొనాలి.