నిషేధం గడువు తీరేలోగా

ముస్లిం సంస్థ పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా (పీఎఫ్ఐ)పై కేంద్రం 2022 సెప్టెంబరు 28న పెట్టిన ఐదేళ్ల నిషేధానికి 2027 సెప్టెంబరుతో గడువు తీరుతుంది. పొడిగించడం పెద్ద పనేం కాదు. 2001లో ముస్లిం విద్యార్థి సంస్థ సిమీపై పెట్టిన నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చి, 2024 జనవరిలో మరో ఐదేళ్లు పెంచారు. రెండు దశాబ్దాలు దాటినా ఒక సంస్థ నిషేధిత జాబితాలోంచి కదల్లేదంటే, ఆ జాబితా వల్ల సమస్య ఎంత తీరిందో ప్రభుత్వమే చెప్పాలి. పీఎఫ్ఐ మీద పెట్టిన కేసులు ఈ గడువులోగా విచారణ కోర్టుల్లో తేలాలన్నది మా వాదన.

ఆ సంస్థ మీద మాకు ఏ సానుభూతీ లేదు. కేరళలో నేషనల్ డెవలప్‌మెంట్ ఫ్రంట్‌గా పుట్టి, కర్ణాటక, తమిళనాడు సంస్థలను కలుపుకొని పీఎఫ్ఐగా మారాక వేదికలెక్కి మైనారిటీల హక్కులు, దళితులతో ఐక్యత అని మాట్లాడింది. చేతలు వేరు. ప్రశ్నపత్రంలో ప్రవక్తను అవమానించారంటూ 2010 జులైలో తొడుపుళ న్యూమన్ కాలేజీ అధ్యాపకుడు టి.జె. జోసెఫ్‌ను పీఎఫ్ఐ కార్యకర్తలు చర్చి నుంచి ఇంటికి వెళ్తుండగా కారులోంచి లాగి, తల్లి కళ్లెదుటే చేయి నరికారు. ఆ కేసులో 2015లో 13 మందికి, 2023లో మరో ఆరుగురికి నేరం రుజువైంది. మొదటి నిందితుడు మాత్రం 13 ఏళ్లు దొరకనేలేదు. 2024 జనవరిలో పట్టుకునేసరికి కన్నూరు జిల్లాలో వడ్రంగి పని చేసుకుంటున్నాడు. ఎక్కడో విదేశంలో కాదు, సొంత రాష్ట్రంలోనే! ఆశ్రయమిచ్చినవాళ్లు లేకుండా ఇది సాధ్యమా?

కేరళలోనే అలప్పుళ సంగతి ఇంకా ఆలోచించాల్సింది. 2021 డిసెంబరు 18 రాత్రి పీఎఫ్ఐ రాజకీయ విభాగంగా పేరుపడ్డ ఎస్‌డీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె.ఎస్. షాన్‌ను చంపారు. తెల్లారేసరికి బీజేపీ ఓబీసీ మోర్చా నేత రంజిత్ శ్రీనివాసన్‌ను ఇంట్లోకి చొరబడి చంపారు. రంజిత్ కేసులో 2024 జనవరిలో 15 మంది పీఎఫ్ఐ, ఎస్‌డీపీఐ కార్యకర్తలకు మరణశిక్ష పడింది. షాన్ కేసులో ఆ వేగం కనిపించలేదు. నిందితులు ఆరెస్సెస్ వాళ్లని పోలీసులే చెప్పిన కేసు అది. ఇలాంటి తేడాయే పీఎఫ్ఐ లాంటి సంస్థలకు మేత. ‘మనకు న్యాయం జరగదు’ అని కుర్రాళ్ల చెవిలో ఊదేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కేరళలోని ముస్లిం లీగ్ పార్టీ, సున్నీ మతపండితుల సంస్థ సమస్త లాంటివి ఏళ్లుగా ఈ ధోరణిని కాదంటూ వచ్చాయి. ఒక కేసు పరుగెత్తి, ఇంకో కేసు నడవకపోతే చులకనయ్యేది వాళ్ల మాటే.

మన దగ్గర కథ నిజామాబాద్‌లో బయటపడింది. కరాటే పేరుతో దాడులకు శిక్షణ ఇస్తున్నారని 2022 జులైలో అక్కడి పోలీసులు పెట్టిన కేసును జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది. సెప్టెంబరులో కర్నూలు, నెల్లూరు దాకా సోదాలు జరిగాయి. ఆ రోజుల్లో టీవీలు చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. కేసు కోర్టుకెక్కాక అటు చూసిన కెమెరా అరుదు. ఆరోపణ రుజువైతే శిక్ష పడాలి, కాకపోతే ఆ కుర్రాళ్లు ఇంటికి వెళ్లాలి. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కేసుల్లోనూ బెయిలే నియమమని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది బిహార్‌లోని పీఎఫ్ఐ కేసులోనే.

ఇక పార్టీల తీరు. కేంద్రం నిషేధించింది పీఎఫ్ఐని, దాని ఎనిమిది అనుబంధ సంస్థలను. ఎస్‌డీపీఐ ఆ జాబితాలో లేదు. 2021లో కేరళలోని ఈరాట్టుపేట మున్సిపాలిటీలో వామపక్ష కూటమి ఎల్‌డీఎఫ్ పెట్టిన అవిశ్వాసం ఎస్‌డీపీఐ సభ్యుల ఓట్లతోనే నెగ్గింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎస్‌డీపీఐ తనంతట తానే మద్దతు ప్రకటిస్తే, కాంగ్రెస్ కూటమి యూడీఎఫ్ వద్దనడానికి కొన్ని రోజులు పట్టింది. బహిరంగ సభలో తిట్టడం, లెక్కింపు రోజున కలుపుకోవడం అందరికీ అలవాటైంది.

2027లో కేంద్రం పొడిగింపు కోరితే, నిషేధం సబబో కాదో తేల్చే ట్రిబ్యునల్ ముందు కొత్త నిఘా నివేదికలు పెట్టి ఊరుకోకూడదు. ఈ ఐదేళ్లలో ఎన్ని కేసుల్లో తీర్పులొచ్చాయి, ఎంతమంది విచారణ లేకుండా జైల్లోనే ఉన్నారు, ఎంతమంది నిర్దోషులుగా బయటపడ్డారు అన్న లెక్క కూడా పెట్టాలి.